ఏసీలో పెట్టిన డిగ్రీ

పోయిన వారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నేను రిటైరైన ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో, నేను ఖాళీ చేసిన కుర్చీలో, కొత్తగా చేరిన కంప్యూటర్ లెక్చరర్. ఆ కుర్చీకి ఎడమవైపు చెయ్యి ఊడి ఉంటుందనీ, చూసి కూర్చోమనీ చెప్పాను. ఆమె అడగబోయింది కుర్చీ గురించి కాదు.

“సార్, అడ్మిషన్ల కోసం ఊళ్ళెంట తిరగమంటున్నారు. ఈ కంప్యూటర్ డిగ్రీకి ఎంతవుతుంది, తర్వాత ఎంతొస్తుంది అని తల్లిదండ్రులు అడుగుతారంట. ఏం చెప్పాలి సార్?”

ఫోన్‌లో ఏదో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. తర్వాత ఆ రెండు ముక్కలు చాలవనిపించింది. ముప్పై ఏళ్ళకు దగ్గరగా ఈ పని చేసి, ఆ ఒక్క ప్రశ్నకు ఒకసారి తప్పు జవాబు చెప్పి, దాని ఫలితం ఇంకొకరు అనుభవిస్తుంటే చూసినవాణ్ణి. అందుకని రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి ఇందులో ఏమీ ఉండదు. అవి రావలసినప్పుడు రాలేదు, వచ్చేసరికి నాకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి.

నన్ను కంప్యూటర్ మాస్టారిని చేసిన ప్రిన్సిపాల్ గారు

నేను చదివింది లెక్కలు. చేరింది లెక్కల లెక్చరర్‌గా. ఒకరోజు ప్రిన్సిపాల్ గారు పిలిచి, “ఏమయ్యా, నీకు టైపు వచ్చు గదా?” అన్నారు. వచ్చండీ అన్నాను. “అయితే కంప్యూటరూ వచ్చేసినట్టే” అన్నారు. కొన్ని వారాలు శిక్షణకు పంపారు. తిరిగొచ్చేసరికి ఒక గది తలుపు మీద ‘కంప్యూటర్ విభాగం’ అని రాసి, కింద నా పేరు రాసి ఉంది. ఆ విభాగంలో అధిపతినీ నేనే, సిబ్బందినీ నేనే.

ఆ గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు బయట విప్పాలి. కిటికీలకు ముదురు నీలం పరదాలు. తాళంచెవి ప్రిన్సిపాల్ గారి చొక్కా జేబులో. దసరాకు మానిటర్లన్నిటికీ కుంకుమ బొట్లు పెట్టించి, ఒక్కొక్కదాని ముందు నిమ్మకాయ కోయించేవారు. పిల్లలకు వారానికి ఒక గంట మాత్రమే వాటిని ముట్టుకునే భాగ్యం. మిగిలిన రోజుల్లో ప్రోగ్రాములన్నీ రికార్డు పుస్తకంలో, మార్జిన్లు గీసి, రెండు రంగుల సిరాతో రాసేవాళ్ళు. చేతిరాత బాగుంటే మార్కులు ఎక్కువ పడేవి. వేసింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

కాలేజీ మొత్తానికి ఒకే ఒక ఏసీ ఆ గదిలో ఉండేది. కంప్యూటర్లు చెడిపోకుండా ప్రభుత్వం ఇచ్చింది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో దాన్ని ఎక్కువగా వాడుకున్నది మాత్రం ప్రిన్సిపాల్ గారే. ఆయన కళ్ళు మూసుకుని కూర్చుంటే మేం అది ఆలోచన అనుకోవాలి.

ఆయన్ని ఆట పట్టిస్తున్నానే గానీ, నాకు ఆయనంటే గౌరవం. సీట్లు నిండటం లేదని ఆ కోర్సును ఎత్తేస్తామంటూ పైనుంచి కాగితం వస్తే, గుంటూరు వెళ్ళి ఆఫీసుల చుట్టూ తిరిగి ఒక ఏడాది గడువు తెచ్చింది ఆయనే. వచ్చి నన్ను పిలిచి ఒక్క మాట అన్నారు. “ఈ వేసవిలో పిల్లల్ని తీసుకురా. లేదా మళ్ళీ లెక్కలు చెప్పుకో.”

లెక్కలు చెప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ తలుపు మీద పేరు చూసుకోవడం అలవాటైపోయింది.

కల్లంలో నేను వేసిన డైలాగు

ఇంటర్ ఫలితాలు రాగానే స్కూటర్ వేసుకుని బయల్దేరాను. ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్ళు. ఎండ మాడుస్తోంది. ఆఖరి కోత మిరపకాయ ఇంకా కల్లాల్లో ఎర్రగా పరిచి ఉంది. ఒక కల్లంలో కౌలు రైతు, మస్తాన్ వలి అనే ఆయన, భార్య, ఇద్దరు ఆడపిల్లలు మూతికి గుడ్డలు కట్టుకుని కూర్చుని కాయలు ఏరుతున్నారు. తెల్లబారిన కాయను తాలు అంటారు. అది ఒక పక్కకు, మంచి కాయ ఒక పక్కకు. పెద్దమ్మాయి రేష్మ ఇంటర్ పాసైందని ఊళ్ళో ఎవరో చెబితే వచ్చాను.

నేను నోరు తెరిచానో లేదో తుమ్ములు మొదలయ్యాయి. వరసగా ఆరో ఏడో. చిన్న పిల్ల గుడ్డలో నోరు దాచుకుని నవ్వింది.

“అలవాటు లేదా సార్?” అన్నాడు మస్తాన్.

“మాది చీరాల అండీ. మగ్గం మీద పెరిగాం. మిరపకాయ సంగతి నాకు పచ్చడిదాకా వచ్చాకే తెలుసు.”

నీళ్ళిచ్చి, నీడలో మంచం వాల్చి కూర్చోబెట్టాడు. మా కాలేజీ, మా కోర్సు, మా ల్యాబ్ అన్నీ వర్ణించాను. అంతా ఓపిగ్గా విని, ఆయన రైతు అడగవలసిన ప్రశ్న అడిగాడు.

“ఎంత పెట్టాలి, ఎంతొచ్చుద్ది, ఎప్పుడొచ్చుద్ది? ఈ మూడూ చెప్పండి సార్. గుంటూరులో ఇంజినీరింగ్‌కి పంపాలంటే ఉన్న కౌలు సగం వదులుకోవాలి. మీదైతే ఫీజు తక్కువంటున్నారు. తక్కువకొచ్చే ఇత్తనం మీద నాకు అనుమానం.”

మూడేళ్ళ తర్వాత ఏమవుతుందో నాకు తెలియదు. అంతకు ముందు చదివిన వాళ్ళలో ఒకడు సెల్‌ఫోన్ దుకాణం పెట్టాడు, ఒకమ్మాయి హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం చేస్తోంది, చాలామంది ఏం చేస్తున్నారో నేనెప్పుడూ కనుక్కోలేదు. నిజాయితీగా చెప్పాల్సింది అదే. కానీ నాకు సీటు నిండాలి. దారిలో కనిపించిన కోల్డ్ స్టోరేజి గుర్తొచ్చింది. ధర లేనప్పుడు రైతులు సరుకును అందులో దాస్తారు. ఇక్కడి వాళ్ళు దాన్నీ ఏసీ అనే అంటారు.

“మస్తాన్ గారూ, డిగ్రీ అంటే ఏసీలో పెట్టిన సరుకు లాంటిది. ధర ఉంటే అమ్ముకుంటాం. లేకపోతే ఆగుతాం. ఎక్కడికీ పోదు” అన్నాను.

ఆయన ఒక కాయ తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. “ఏసీలో పెట్టినా రెండేళ్ళకి రంగు దిగుద్ది గదా సార్?”

“కాయకి దిగుద్దేమో. డిగ్రీకి రంగు దిగదు” అన్నాను.

ఆయన మొహం విప్పారింది. రేష్మ ఏరడం ఆపి నావైపు చూసింది. దరఖాస్తు అక్కడే నింపించాను. స్కూటర్ ఎక్కుతూ నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ వేసవిలో ఆ డైలాగును ప్రతి ఊళ్ళోనూ వేశాను. మా కామర్స్ ఆయన కూడా దాన్ని ఎత్తుకుపోయి వాడుకున్నాడు. సీట్లు నిండాయి. ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ మీటింగులో అందరిముందూ నా భుజం తట్టి, ఆ మాట మళ్ళీ చెప్పించుకుని మరీ నవ్వారు.

ఒక్క సంగతి చూడండి. ఆ ఏడాది నేను పాఠం చెబుతున్న సిలబస్ అప్పటికే పాతబడింది. బయట ఎవరూ వాడటం లేదని పిల్లలు ముందు వరసలో కూర్చుని మొహం మీదే అంటుండేవాళ్ళు. అంటే ఈ చదువుకు రంగు దిగుతుందని ఆ మండలంలో అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేనే.

ఫీజు రసీదులో రాయని ఖర్చు

ఈ డిగ్రీకి ఎంతవుతుందని అడిగితే మనం ఫీజు చెబుతాం. అది ఖర్చులో చిన్న ముక్క. అసలు ఖర్చు ఏమిటో నాకు రేష్మ రెండో ఏడాదిలో తెలిసింది.

మా ప్రాక్టికల్ పరీక్షలూ మిరప కోతలూ ఒకేసారి వస్తాయి. ఏటా ఆ రోజుల్లో సగం తరగతి ఉండదు. రేష్మ రెండు వారాలు రాలేదు. వచ్చినరోజు నేను అందరి ముందూ కడిగేశాను. “చదువంటే లెక్కలేనప్పుడు సీటెందుకమ్మా దండగ?” అన్నాను. ఆమె తల వంచుకుని నిలబడి, “మేం నలుగురం కోస్తేనే సార్, కూలోళ్ళని తక్కువ పెట్టుకోవచ్చు. నేను కోతకి పోకపోతే నా బదులు ఒక మనిషిని పెట్టాల. నాన్న పెడతాననే అన్నాడు. నేనే ఉండిపోయా” అంది.

అప్పుడు అర్థమైంది. ఆ పిల్ల కాలేజీకి వచ్చిన ప్రతి రోజూ ఆ ఇంటికి ఒక మనిషి కూలి. అది ఏ రసీదులోనూ ఉండదు. ఆ పైన రెండు బస్సులు, మధ్యలో ఎదురుచూపు. మూడేళ్ళలో కనీసం ఒక్కసారైనా కొనక తప్పని లాప్‌టాప్. దానికోసం వాళ్ళమ్మ చెవి కమ్మలు తీసి అమ్మిందని తర్వాత తెలిసింది. కొత్తగా చేరే లెక్చరర్లకు నా మాట ఒకటే. హాజరు పట్టీలో గైర్హాజరు వేసే ముందు కోతలు నడుస్తున్నాయేమో కిటికీలోంచి చూడండి. పరీక్ష తేదీ జరపడం మీ చేతిలో ఉంటే జరపండి. ఉండదు. కానీ అడగండి.

ఆ పిల్లలో నాకు ఒక విశేషం కనిపించింది. ప్రోగ్రాం పనిచేయకపోతే మిగతావాళ్ళు ఐదు నిమిషాలు చూసి, విసుక్కుని, పక్కవాడిది చూసి ఎక్కించుకునేవాళ్ళు. రేష్మ మొదటి వరస నుంచి చివరి వరస దాకా వేలు పెట్టి చదివేది. తప్పు దొరికేదాకా లేచేది కాదు. ఇంత ఓపిక ఎక్కడిదమ్మా అంటే, “తాలు ఏరటమే గదా సార్” అంది. ఆ రోజు నుంచి నేను రాసిన ప్రోగ్రాములు కూడా ముందు ఆమెకు చూపించి బోర్డు మీద రాసేవాణ్ణి. ఈ సంగతి అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

ధర రాలేదని

చివరి ఏడాది విజయవాడ నుంచి ఒక చిన్న కంపెనీ వాళ్ళు వచ్చారు. మా కాలేజీకి ఒక కంపెనీ రావడమే పండగ. నలుగురిని ఎంచుకున్నారు. మొదటి పేరు రేష్మ. జీతం తక్కువే. గది అద్దె, తిండి పోతే ఏమీ మిగలదు. కానీ పని నేర్పుతామన్నారు. సోమవారానికల్లా ఒప్పుకోలు ఇవ్వాలన్నారు.

శనివారం మస్తాన్ కాలేజీకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మిఠాయి పొట్లం. స్టాఫ్‌రూంలో అందరికీ పంచి, నా ఎదురుగా కూర్చున్నాడు. పక్కన రేష్మ నిలబడి ఉంది.

“ఇంత జీతానికి పంపను సార్. మా పొలంలో కూలికొచ్చే ఆడోళ్ళకి ఇంతకంటే ఎక్కువ పడుద్ది. ఈ ఏడు ధర లేదు. ఏసీలో పెడదాం.”

“అది కాదు మస్తాన్ గారూ...” అన్నాను.

“మీరే గదా సార్ చెప్పింది. రంగు దిగదని.”

స్టాఫ్‌రూంలో అందరూ నవ్వారు. ప్రిన్సిపాల్ గారు కూడా. నా డైలాగు అంత పాకిపోయిందని వాళ్ళకు ముచ్చటేసింది. రేష్మ నవ్వలేదు. నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నేను ఒక్క మాట అంటే చాలు. ‘అప్పుడు తప్పు చెప్పాను, పంపించండి’ అంటే చాలు. ఆయన నా మాట తీసేసే మనిషి కాదు. కానీ అందరి ముందూ, నన్ను మెచ్చుకున్న మాటను నేనే అబద్ధమని ఎలా చెప్పుకోను? “సరే, మీ ఇష్టం. ఇంకా మంచివి వస్తాయి లెండి” అన్నాను. మిఠాయి కూడా తిన్నాను.

ఆమె స్థానంలో జాబితాలో ఐదో పేరున్న కుర్రాడు వెళ్ళాడు. ప్రోగ్రాం ఎక్కించుకోవడానికి రోజూ ఆమె పక్కన కూర్చున్నవాడే.

మంచివి రాలేదు. అప్పుడప్పుడూ ఫోన్ చేసి కనుక్కునేవాణ్ణి. “ఇంట్లోనే సార్” అనేది. వచ్చిన ఒకటి రెండు ఇంటర్వ్యూల్లో, మా సిలబస్‌లో లేని కొత్త సంగతులు అడిగారట. ఆ తర్వాతి కోతల సమయానికి ఆ దారిన వెళుతూ చూశాను. కల్లంలో నలుగురూ కూర్చుని ఏరుతున్నారు, మొదటిసారి చూసినట్టే. నేను స్కూటర్ ఆపలేదు. ఆపి ఉండాల్సింది. సిగ్గుతో ఆపలేదు.

మస్తాన్ మళ్ళీ వచ్చాడు

అలా ఏడాది దాటింది. ఒక పొద్దున మస్తాన్ ఒక్కడే వచ్చాడు. ఈసారి మిఠాయి లేదు. ప్లాస్టిక్ కవర్లోంచి గుప్పెడు మిరపకాయలు తీసి నా బల్ల మీద పోశాడు. ఎరుపు పోయి, ఇటుక రంగుకు తిరిగాయి. ధర కోసం రెండేళ్ళు ఆపి, ఆ ముందు రోజే ఏసీలోంచి తీయించి గుంటూరు మిర్చి యార్డుకు తీసుకెళ్ళాడట. కొనేవాడు ఒక కాయ చూసి, మాట్లాడకుండా పక్క బస్తాకి వెళ్ళిపోయాడట.

“కాయకి దిగుద్దని నాకు తెలుసు సార్. తెలిసీ ఆపా. అది నా ఆశ” అన్నాడు. “పిల్ల సంగతి అడగడానికొచ్చా. నిన్న ఇంటికెళితే రేష్మ ఈ కాయ చూసి, ‘నాకూ ఇట్టాగే దిగింది నాన్నా’ అంది. ఏడవలా, ఏం లేదు, మామూలుగా అంది. నిజమేనా సార్? డిగ్రీకీ దిగుద్దా?”

“దిగుతుంది మస్తాన్ గారూ. కాయ కంటే త్వరగా దిగుతుంది.”

“మరి ఆ రోజెందుకు దిగదన్నారు?”

“సీటు నిండాలని.”

“మిఠాయి తెచ్చిన రోజు?”

దానికి నా దగ్గర ఉన్న జవాబు చెప్పుకోదగింది కాదు. అయినా చెప్పాను. “నవ్వుతారని” అన్నాను. ఆయన కాయల్ని చేత్తో ఒక పక్కకు తోశాడు. తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. “మీ చదువుకున్నోళ్ళు కూడా మాలాగానే ఉంటారు సార్. నేనేమో మీరు వేరే అనుకున్నా” అన్నాడు. నా సర్వీసులో నాకు వచ్చిన మెమోలన్నీ కలిపినా ఆ మాటంత బరువు ఉండవు.

“రేపట్నుంచి రేష్మను ల్యాబుకు పంపండి. నాకు తెలిసింది నేను చెబుతా, తెలియనిది ఇద్దరం నేర్చుకుంటాం” అన్నాను. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి, పాసైపోయిన పిల్లను ల్యాబులో కూర్చోబెడుతున్నానని చెప్పాను. రూల్సు ఒప్పుకోవన్నారు. ఎందుకో మొత్తం చెప్పాను. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. “నేను మధ్యాహ్నం పడుకునే వేళకి తప్ప” అన్నారు.

నాలుగు నెలలు కూర్చుంది. తర్వాత గుంటూరులోనే ఒక కంపెనీలో, అప్పుడు వద్దన్న జీతం కంటే ఏమంత పెద్దది కాని జీతానికి చేరింది. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే పని. ఇంటర్వ్యూలో మధ్యలో ఖాళీ ఎందుకని అడిగారట. “ఏం చెప్పావమ్మా?” అన్నాను. “మిరపకాయలు ఏరానని చెప్పా సార్. ఎట్టా ఏరతారో చెప్పమన్నారు. చెప్పా. తీసుకున్నారు” అంది.

సుఖాంతం అని సంబరపడకండి. ఆమె స్థానంలో వెళ్ళిన ఆ ఐదో పేరు కుర్రాడు ఇప్పుడు ఆమె కంటే చాలా ముందున్నాడు. ఆ మధ్య ఆమె కంపెనీలోనే, ఆమె పై ఉద్యోగానికి వచ్చాడు. “నా పక్కన కూర్చుని ఎక్కించుకున్నోడు సార్, ఇప్పుడు నా పని దిద్దుతాడు” అని నవ్వుతూ చెప్పింది. ఆ ఏడాదిని ఆమెకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు. నాకు ఆ బాధ పోలేదు, పోదు.

అందుకని, అమ్మాయీ

ఎవరైనా ఎంతవుతుందని అడిగితే ఫీజుతో ఆపకు. బస్సూ, లాప్‌టాపూ, కోతకు పోని రోజులూ అన్నీ చెప్పు. ఎంతొస్తుందంటే తెలియదని చెప్పు. మొదట తక్కువే వస్తుందనీ, ఆ తక్కువను కాదంటే తర్వాత అదీ రాదనీ చెప్పు. ఇవన్నీ చెబితే సీట్లు నిండవని నీ పైవాళ్ళు భయపడతారు. నేనూ భయపడ్డాను. నీకు తెలియని పంటతో పోలికలు చెప్పకు.

నేను రిటైరయ్యే ఏడాది వేసవిలో, అడ్మిషన్ల రోజున మస్తాన్ మా కాలేజీ గుమ్మంలో కనిపించాడు. వెంట చిన్న కూతురు, ఆ రోజు కల్లంలో నా తుమ్ములకు నవ్విన పిల్ల. వెనకాల రేష్మ. ఫీజు తనే కడుతుందట.

“ఇంత జరిగాక మళ్ళీ ఇక్కడికేనా మస్తాన్ గారూ?” అన్నాను.

“పెద్దదానికి మీరు చెప్పింది తప్పు గానీ, నేర్పింది తప్పు కాదుగా సార్” అన్నాడు. నేను దరఖాస్తు తీసి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “ముందు పిల్లకి రంగు సంగతి చెప్పండి. మీ నోటితోనే చెప్పండి. ఆ తర్వాత ఫారం.”

చుట్టూ కొత్త లెక్చరర్లు, పిల్లలు, తల్లిదండ్రులు ఉన్నారు. లేచి నిలబడి చెప్పాను. “అమ్మా, ఈ చదువు దాచుకుంటే పాడవుతుంది. దీనికి రంగు దిగుతుంది.” ఎవరో నవ్వారు. ఈసారి పట్టించుకోలేదు.

ఆ పిల్ల దరఖాస్తు అందుకుని, పెన్ను మూత తీసి, ఆగి అడిగింది. “ఎన్నాళ్ళకి దిగుద్ది సార్?”

నా సర్వీసు మొత్తంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను రేష్మవైపు చూశాను.

“మీ అక్కనడుగమ్మా” అన్నాను.